దృశ్యకావ్యము – వెండితెర: పలనాటి వీరగాథ నేర్పిన పాఠము



ప్రతి సంవత్సరము కార్తిక అమావాస్యనాడు మా పలనాటి కారెంపూడిలో వీరుల ఉత్సవము ప్రారంభమగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను పేర్లతో అయిదు దినములు సాగును. దూరగ్రామములనుండి ఆచారవంతులు తాము పూజించుకొను వీరుల ఆయుధములను తెచ్చి, నాగులేటిలో స్నానము చేయించి, వీరులగుడికి చేర్తురు. వీరవిద్యావంతులు కథాగానము చేయుదురు. ఎనిమిది వందల ఏండ్లనాటి యుద్ధము ఏటేట మరల కనులముందు జరుగుచున్నట్లే యుండును.

ఒకమారు ఆ ఉత్సవమునుండి మరలి వచ్చుచుండగా బస్సులో ప్రక్కన కూర్చున్న యువకుడు నన్ను అడిగెను: “పంతులుగారూ, సినిమాని కూడా కళ అనొచ్చా? మీ శాస్త్రాల్లో దానికి చోటుందా?” ఆనాడు నేను “అది కాలక్షేపము నాయనా” అని తేల్చివేసితిని. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ సమాధానము నాకే రుచింపలేదు. అది శాస్త్రమునకును సరిపడదు, నా అనుభవమునకును సరిపడదు. అతనికి చెప్పవలసియుండిన మాటలే ఈ వ్యాసము.

భరతముని కోరిన దృశ్యము

మన ఆలంకారికులు కావ్యమును శ్రవ్యమనియు దృశ్యమనియు రెండుగా విభజించిరి. వినుటకు యోగ్యమైనది శ్రవ్యము. చూచుటకు యోగ్యమైనది దృశ్యము. నాట్యశాస్త్ర ప్రథమాధ్యాయములో దీని పుట్టుక చెప్పబడినది. ఇంద్రాది దేవతలు బ్రహ్మను సమీపించి, కంటికిని చెవికిని ఇంపైన క్రీడనీయకమును ప్రసాదింపుమని వేడుకొనిరి. వేదాధ్యయనము అందరికిని అందుబాటులో లేదు గనుక, సర్వవర్ణములవారికిని చెందెడు అయిదవ వేదమును సృజింపుమని కోరిరి. అంతట బ్రహ్మ ఋగ్వేదమునుండి పాఠ్యమును, సామవేదమునుండి గీతమును, యజుర్వేదమునుండి అభినయమును, అథర్వవేదమునుండి రసమును గ్రహించి నాట్యవేదమును నిర్మించెను.

ఇక్కడ ‘సార్వవర్ణికము’ అను పదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. దృశ్యకళ పుట్టుటకు హేతువే అది. వినోదము దానికి తొడుగు. అందరికిని అందుట దానికి ప్రాణము. ఒక దృశ్యము నిజమైన కళయా కాదా అని పరీక్షించునపుడు అది ఎంత అందముగా నున్నదని అడుగుట చాలదు. అది ఎవరికి అందినది, అందిన పిమ్మట వారిలో ఏమి మిగిల్చినది అనియు అడుగవలెను.

భరతుడు ద్వితీయాధ్యాయములో నాట్యమండపమునకు కొలతలు చెప్పెను. మనుష్యులకు అరువది నాలుగు హస్తముల పొడవు, ముప్పది రెండు హస్తముల వెడల్పు గల మండపము చాలునని ఆయన మతము. అంతకు మించిన మండపములో పాఠ్యము స్పష్టముగా వినబడదు. నటుని ముఖమందలి భావము, దృష్టి ప్రేక్షకునికి గోచరింపవు. అష్టమాధ్యాయములో ఆయన రసదృష్టులు ఎనిమిది, స్థాయిదృష్టులు ఎనిమిది, సంచారిదృష్టులు ఇరువది, మొత్తము ముప్పది యారు దృష్టులను లక్షణములతో వివరించెను. కనుబొమ్మ కదలికలో, కనుపాప నిలుకడలో, రెప్ప వాలుటలో ఉండెడు సూక్ష్మభేదములవి. పదివేలమంది కూడిన తిరునాళ్లలో చివరి వరుసలోనివానికి అవి కనబడునా? అందరికిని అందవలెనన్న సంకల్పమునకు, సూక్ష్మాభినయము కనబడవలెనన్న నియమమునకు నడుమ చిక్కొకటి శాస్త్రములోనే యున్నది.

ఆ చిక్కును విడదీసినది చలనచిత్రము. కెమెరా నటుని ముఖమునకు చేరువగా పోయి ఆ కంటిని గోడంత చేసి చూపును. నేల టిక్కెట్టు కొనినవానికిని, కుర్చీలో కూర్చున్నవానికిని అదే కన్ను, అదే కన్నీరు. ఈ ఒక్క గుణము చేతనే చలనచిత్రము దృశ్యకళలలో స్థానము సంపాదించుకొనినదని నా విశ్వాసము.

తెరకు పూర్వమున్న తెరలు

చిత్రములచేత కథ చెప్పుట మనకు క్రొత్త గాదు. ముద్రారాక్షసములో చాణక్యుని చారుడు యమపటమును చేతబట్టి ఇల్లిల్లు తిరుగును. యమలోక దృశ్యములను చూపుచు పాడి జీవించెడు భిక్షుకుల వృత్తి అది. తెలంగాణమందలి చేర్యాల నకాషీ పటములు, మన పల్లెల తోలుబొమ్మలాట ఆ కోవలోనివే. తోలుబొమ్మలాటలో తెరయు గలదు, వెనుక దీపమును గలదు.

మా పలనాటిలో ఇంకను ప్రాచీనమైన సాక్ష్యము కలదు. మాచర్లకు చేరువనున్న నాగార్జునకొండ క్రీస్తు తరువాత మూడు నాలుగు శతాబ్దులలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. 1926లో వెలుగులోనికి వచ్చిన ఆ స్థలములో సున్నపురాతి ఫలకములపై బుద్ధచరిత్ర వరుసగా చెక్కబడియున్నది. ఒక ఘట్టము ముగియును. నడుమ ఒక మిథున శిల్పము నిలుచును. పిమ్మట మరియొక ఘట్టము మొదలగును. ప్రదక్షిణము చేయువాడు నడచుచుండగా కథ కదలును. ఇక్కడ చిత్రము స్థిరము, ప్రేక్షకుడు చలనము. చలనచిత్రమున ప్రేక్షకుడు స్థిరము, చిత్రము చలనము. భేదము అంతియే.

చిత్రదర్శనము మనసునకు ఏమి చేయునో భవభూతి ఉత్తరరామచరిత ప్రథమాంకములో చూపెను. రాముడు, సీత, లక్ష్మణుడు తమ వనవాసకథను చిత్రించిన చిత్రములను తామే చూతురు. శూర్పణఖ చిత్రము కనబడగానే సీత భయపడును. ఇది చిత్రము మాత్రమే గదా అని రాముడు ఓదార్చును. ఓదార్చిన ఆ రాముడే మరికొంతసేపటికి జనస్థాన చిత్రములను చూచి కంట నీరు పెట్టును. చిత్రమని తెలిసియు చలించుట, చలించుచు చిత్రమని తెలియుట, ఈ రెండును ఒకేమారు జరుగు స్థితియే రసాస్వాదము. ఈనాడు చీకటి హాలులో కూర్చున్నవాని స్థితియు అదియే.

యంత్రము పనిచేయు విధమునకును మన శాస్త్రములో దృష్టాంతము కలదు. గౌడపాదాచార్యులు మాండూక్యకారికల నాల్గవ ప్రకరణమునకు అలాతశాంతి యని పేరు. కొరవిని త్రిప్పినచో నిప్పు చక్రమువలె, వంకరగీతవలె కనబడును. ఆపినచో ఏ రూపమును లేదు. ఉన్నది ఒక్క నిప్పుకణమే. చలనచిత్రమందు క్షణమునకు ఇరువది నాలుగు నిశ్చలచిత్రములు తెరపై పడును. రెండున్నర గంటల చిత్రములో అట్టివి 2,16,000. ఒక చిత్రము తొలగి మరియొకటి వచ్చులోగా యంత్రము వెలుగును మూసివేయును గనుక, మనము చూచితిమనుకొను కాలములో చాల భాగము చీకటిలోనే కూర్చుందుము. ఆ చీకటిని ఎరుగనీయక, విడివిడి చిత్రములను ఒకే కదలికగా కూర్చునది చూచువాని మనస్సే. కదలిక ఫిల్ములో లేదు, ద్రష్టయందున్నది.

పలనాటి కథ తెరకెక్కుట

భారతదేశమున దాదాసాహెబ్ ఫాల్కే గారి రాజా హరిశ్చంద్ర 1913 మే 3న ప్రజలముందునకు వచ్చినది. తెలుగువారిలో రఘుపతి వెంకయ్యగారు తమ కుమారుడు ప్రకాశ్‌గారితో కలసి 1921లో భీష్మప్రతిజ్ఞ నిర్మించిరి. హెచ్.ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాద తొలి తెలుగు వాక్చిత్రముగా 1932లో వెలువడినది. కథలన్నియు పురాణములనుండియే. తోలుబొమ్మలాట తెరపై నడచిన దేవతలే వెండితెరపైకి నడచివచ్చిరి.

పలనాటి గాథ పురాణము కాదు. మన నేలపై జరిగిన కథ. క్రీస్తుశకము 1182 ప్రాంతమున, గురజాల నేలిన నలగామరాజునకు, మాచర్ల నేలిన అతని సవతి తమ్ముడు మలిదేవరాజునకు నడుమ కోడిపందెముతో రగిలి కారెంపూడిలో ముగిసిన యుద్ధము. ఒక ప్రక్క నాయకురాలు నాగమ్మ, మరియొక ప్రక్క బ్రహ్మనాయడు. వీరవిద్యావంతులు శతాబ్దులుగా పాడుకొనుచు వచ్చిన ఈ కథ శ్రీనాథునిదిగా ప్రసిద్ధమైన మంజరీద్విపదలో కావ్యమైనది. దానిని 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు అచ్చువేయించిరి. అప్పటివరకు చెవులకు మాత్రమే అందిన కథ చదువరుల కనులకును అందినది. కాని చదువరులెందరు? చదువురాని లక్షలాది జనుల కనులకు అది అందవలెనన్న మరియొక సాధనము కావలసివచ్చినది.

ఆ పనికి పూనుకొనినవారు గూడవల్లి రామబ్రహ్మముగారు. 1938లో ఆయన మాలపిల్ల తీసిరి. హరిజనుల ఆలయప్రవేశమును, కులాంతర ప్రేమను చూపిన చిత్రమది. సనాతనాచారపక్షమును వహించు సుందరరామశాస్త్రి పాత్రను గోవిందరాజుల సుబ్బారావుగారు ధరించిరి. 1939లో రైతుబిడ్డ. పిమ్మట ఆయన పలనాటియుద్ధము చేపట్టి, మధ్యలోనే వ్యాధిగ్రస్తులై 1946లో కీర్తిశేషులైరి. ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తిచేసిన ఆ చిత్రము 1947లో వెలువడినది. కన్నాంబగారు నాగమ్మ, యువకుడైన అక్కినేని నాగేశ్వరరావుగారు బాలచంద్రుడు. బ్రహ్మనాయడు ఎవరు? గోవిందరాజుల సుబ్బారావుగారే.

ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపుడు. మొదటి చిత్రములో గుడితలుపుకు అడ్డముగా నిలిచిన శాస్త్రి ముఖమే, తొమ్మిదేండ్లకు చాపకూడు పెట్టిన బ్రహ్మనాయని ముఖమైనది. చాపకూడనగా, కులభేదము లేక అందరును ఒకే చాపపై కూర్చుండి భుజించుట. మాల కులమున పుట్టిన కన్నమదాసును సేనాపతిగా చేసి, పుత్రునివలె ఆదరించినవాడు బ్రహ్మనాయడు. మాలపిల్ల తీసిన దర్శకుడు పలనాటి కథను ఎన్నుకొనుట యాదృచ్ఛికమని నేను అనుకొనను. క్రొత్త ప్రశ్నకు పాతకథలో సమాధానము ఆయనకు దొరకినది. ఆ 1947లోనే మద్రాసు రాష్ట్రములో ఆలయప్రవేశ శాసనమును వచ్చినది. మా గుంటూరు మండలము అప్పుడు ఆ రాష్ట్రములోనిదే.

నేను చూచినది

ఇప్పుడు నా మాట. పలనాటియుద్ధము 1966లో మరల చిత్రమైనది. గుత్తా రామినీడుగారు దర్శకులు, ఎన్.టి. రామారావుగారు బ్రహ్మనాయడు, భానుమతిగారు నాగమ్మ. అది వచ్చిన చాల ఏండ్లకు, 1982 వేసవిలో, మా ఊరి చివర గుడారము వేసిన టూరింగ్ టాకీసులో ఆడినది. నాకప్పుడు పండ్రెండేండ్లు. వేదపాఠశాలనుండి సెలవులకు వచ్చియుంటిని. పాఠశాలలో సినిమా నిషిద్ధము, ఇంటిలోను అంతే. మా పొలములో పనిచేయు పాలేరు కుమారుడు నా ఈడువాడు. అతనితో కలసి ఎవరికిని చెప్పక పోతిని. ఇద్దరమును నేలపై, ఇసుకలో, ప్రక్కప్రక్కన కూర్చుంటిమి.

కన్నమదాసు తెరపై కనబడగానే అతడు నా చేయి గట్టిగా పట్టుకొని “అడుగో, మావోడు!” అనెను. అతనితో పాటు ఆ ప్రక్కనంతయు ఈలలు, చప్పట్లు మ్రోగినవి. అంతవరకు పలనాటి కథను నేను మా పెద్దల నోట చాలమార్లు వినియుంటిని. కన్నమదాసు పేరును వినియుంటిని. అయినను అతడు ఒకరికి ‘మావోడు’ అని అప్పటివరకు నాకు తట్టలేదు.

ఆట ముగిసిన పిమ్మట వీధి మలుపువరకు కలసి వచ్చితిమి. అతడు తన పల్లెకు, నేను మా వీధికి. ఎట్లు తెలిసినదో, మా అమ్మగారు గుమ్మములోనే నన్ను ఆపి, “ఎక్కడ కూర్చున్నావో, ఎవర్ని తాకావో! బావి దగ్గర నీళ్లు పోసుకుని లోపలికి రా” అనిరి. ఆమెపై నాకు కోపము లేదు. ఆమె తాను నేర్చినదే నాకు నేర్పినది. చేదతో నీరు తోడి నెత్తిపై పోసికొంటిని. ఒక్క ప్రశ్నయు అడుగలేదు. ఒక గంట క్రితము చాపకూడునకు కన్నీరు విడిచిన బాలుడే, ఆ చాపపై తన ప్రక్కన కూర్చున్నవాని స్పర్శను కడిగికొనెను. ఆ స్నానమున నేను పోగొట్టుకొన్నది ఏమియో తెలియుటకు చాల కాలము పట్టినది.

తరువాత ఏండ్లకు ఆ మిత్రుని కుమారుని అక్షరాభ్యాసము నా చేతిమీదుగా, మా ఆలయమండపములోనే జరిగినది. బాలుని చేయి పట్టి పలకపై అక్షరము దిద్దించితిని. ఆ రాత్రి స్నానపు సంగతి మాత్రము నేటివరకు అతనితో చెప్పలేదు. ఈ వ్యాసములో వ్రాయుచున్నాను.

దీనివలన దృశ్యకళ శక్తియు, దాని పరిమితియు రెండును నాకు తెలిసినవి. ఎన్నేండ్ల శ్రవణమువలన కలుగని ఎరుకను తెర ఒక్క రాత్రిలో కలిగించినది, ఇది శక్తి. ఆ ఎరుక బావిదాకనైనను నిలువలేదు, ఇది పరిమితి. తెర మనలను చలింపజేయును గాని మనచేత ఏమియు చేయింపదు. వీరులగుడికి పోవువాడు నాగులేటిలో మునుగును, ఉపవసించును, మందపోరునాడు చాపకూడు పంక్తిలో కూర్చుండి తినును. అక్కడ చూచుటయు చేయుటయు ఒకటి. హాలులో చూచుట మాత్రమే కలదు. చేయుట బయటికి వచ్చిన పిమ్మట మన వంతు.

వీరము శాంతమున ముగియవలెను

మరియొక హెచ్చరిక అవసరము. యుద్ధము, మరణము, రాజ్యభ్రంశము మొదలగువానిని అంకములో ప్రత్యక్షముగా చూపరాదనియు, ప్రవేశకాదులచేత సూచింపవలెననియు నాట్యశాస్త్ర నియమము. చలనచిత్రము ఈ కట్టును త్రెంచుకొనినది. కత్తియు కనబడును, నెత్తురును కనబడును. ఇది మా ప్రాంతమున తేలికగా తీసికొనదగిన విషయము కాదు. గ్రామకక్షలలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లులు మా పలనాటి ఊళ్లలో నేటికిని కలరు. అట్టివారి ఇండ్లకు అపరకర్మలు చేయించుటకు పోయిన పురోహితుడను నేను. కత్తి ఎత్తినపుడు హాలులో మ్రోగు ఈల నా చెవికి వేరుగా వినబడును.

అయినచో వీరగాథలను తీయరాదా? తీయవచ్చును, చివరివరకు తీయవలెను. ఆనందవర్ధనాచార్యులు ధ్వన్యాలోకములో మహాభారతమునకు ప్రధానరసము శాంతమని నిర్ణయించిరి. అంత యుద్ధము గల గ్రంథమునకు శాంతము ఎట్లు ప్రధానము? గెలిచినవారికిని ఏమియు మిగులలేదని చూపి, చదువరిని వైరాగ్యమువైపు త్రిప్పుటచేత. పలనాటి కథయు అట్టిదే. బాలచంద్రుడు పడిపోయెను, కన్న తండ్రియైన బ్రహ్మనాయడు మిగిలెను. సర్వము ముగిసిన పిమ్మట ఆయన గుత్తికొండ బిలములో తపమునకు పోయెనని మా ప్రాంతపు ఐతిహ్యము. కోడిపందెముతో మొదలైన కథ గుహలోని మౌనముతో ముగియుచున్నది. కోడిపోరు దగ్గర ఆగిపోయినవాడు సగము కథయే చూచినవాడు.

తెరయు చైతన్యమును

విద్యారణ్యస్వామివారు పంచదశిలోని చిత్రదీపప్రకరణమును ఒక వస్త్రముతో మొదలిడిరి. మొదట ఉతికిన గుడ్డ, పిదప గంజిపెట్టిన గుడ్డ, ఆపైన రేఖలు గీసిన గుడ్డ, చివరకు రంగులు నింపిన పటము. ఈ నాలుగు అవస్థలను శుద్ధచైతన్యము, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనువానికి సాదృశ్యముగా చెప్పిరి. అరుణాచలమున భగవాన్ రమణమహర్షులు తమ కాలపు భక్తులకు అదే తత్త్వమును సినిమా తెరను చూపి బోధించిరి. తెరపై అగ్ని కనబడినను తెర కాలదు. సముద్రము కనబడినను తడవదు. బొమ్మలు వచ్చిపోవును, తెర నిలుచును. ఒక జ్ఞాని తన బోధకు దృష్టాంతముగా స్వీకరించిన వస్తువును కాలక్షేపమని నేను తీసివేసితిని!

ఆ తెర మరియొకటి కూడ చెప్పుచున్నది. రాజు బొమ్మకు, కన్నమదాసు బొమ్మకు, నాగమ్మ బొమ్మకు ఆధారము ఒకే తెలుపు. తెర ఎవరిని తాకినను మైలపడదు. బ్రహ్మనాయడు పరచిన చాపయు అట్టిదే. వేదాంతము చదివిన నాకు ఈ సంగతి పండ్రెండేండ్లనాడు, ఇసుకలో కూర్చున్నపుడు, ఒక క్షణము కనబడి మరుగైనది.

కనుక బస్సులోని ఆ యువకునికి నా సమాధానమిది. నాయనా, చలనచిత్రము నిజమైన దృశ్యకళయే. శాస్త్రములో దానికి చోటు మాత్రమే గాదు, బాధ్యతయు కలదు. తీయువాడు అందరికిని అందునట్లును, వీరము శాంతమున ముగియునట్లును తీయవలెను. చూచువాడు హాలునుండి ఇంటికి వచ్చు దారిలో, బావిగట్టు దగ్గర, తాను చూచినదానిని కడిగివేయక నిలుపుకొనవలెను. ఈ రెండవ పని మొదటిదానికన్న కష్టమని అనుభవముచేత చెప్పుచున్నాను.

వచ్చే కార్తికమున మందపోరునాడు కారెంపూడికి రమ్ము. చాపకూడు పంక్తిలో నా ప్రక్కన కూర్చుందువుగాని.

స్వస్తి.